ఊరిని నిలబెట్టిన బొమ్మలు

కూచిపూడి అనగానే మనకు గజ్జెల చప్పుడు గుర్తుకొస్తుంది గాని, ఆ గజ్జెల వెనుక ఉన్న పొలాలు గుర్తుకు రావు. కృష్ణా జిల్లాలోని ఆ ఊరిని గోల్కొండ పాలకుడు అబుల్ హసన్ తానీషా 17వ శతాబ్దం చివరలో భాగవతుల కుటుంబాలకు అగ్రహారంగా ఇచ్చాడని తరతరాలుగా చెప్పుకుంటారు. ఆటకు మెచ్చి శాలువా కప్పి పంపేస్తే (మన సభల్లో జరిగేది అదే కదా!) ఆ కళ ఎన్నాళ్ళు నిలిచేదో! కళాకారుల కడుపుకింత ఆధారం చూపించాడు గనుక ఆటా నిలిచింది, ఊరూ నిలిచింది.

మన పిల్లలు పుట్టి పెరుగుతున్న ఈ ఆస్ట్రేలియాలోనూ అటువంటి కథ ఒకటున్నది. ఆలిస్ స్ప్రింగ్స్‌కు వాయవ్యంగా సుమారు 240 కిలోమీటర్ల దూరాన పాపున్యా అనే చిన్న ఊరుంది. పింటుపి, లురిట్జా, వార్ల్‌పిరి మొదలైన ఎడారి జాతుల వారిని తమ తమ నేలల నుంచి తెచ్చి ప్రభుత్వం ఒకచోట ఉంచిన ఊరది. 1971లో అక్కడికి జెఫ్రీ బార్డన్ అనే బడిపంతులు వచ్చాడు. ఆయన ప్రోత్సాహంతో ఊరిపెద్దలు తమ పూర్వగాథలోని తేనెచీమను బడిగోడ మీద చిత్రించారు. కొన్నేళ్ళకే ఆ గోడకు వేరే రంగు పూసేశారనుకోండి. కాని అప్పటికే, ఇసుక మీదా ఒంటి మీదా గీసుకునే గీతలు చెక్కపలకల మీదికి ఎక్కాయి. 1972లో ఆ చిత్రకారులే యజమానులుగా పాపున్యా తులా ఆర్టిస్ట్స్ కంపెనీ ఏర్పడింది.

డబ్బు సంగతి కూడా చెప్పుకోవాలి. క్లిఫర్డ్ పోసమ్ 1977లో వేసిన వార్లుగులాంగ్ అనే చిత్రం మొదట సుమారు 1,200 డాలర్లకు అమ్ముడుపోయింది. 2007లో అదే చిత్రాన్ని కాన్‌బెర్రాలోని జాతీయ చిత్రశాల 24 లక్షల డాలర్లకు కొన్నది. అప్పటికి చిత్రకారుడు పోయి అయిదేళ్ళు. చిత్రం చేతులు మారినప్పుడు ధరలో 5 శాతం చిత్రకారునికో, వారసులకో చెందాలన్న చట్టం 2010 జూన్‌లో గాని అమలుకు రాలేదు.

అయినా ఆ కుంచెలు చేసిన మేలు తక్కువది కాదు. 1981 ప్రాంతంలో పింటుపీలు పాపున్యా విడిచి పడమటగా తమ సొంత నేలకు వెళ్ళి కింటోర్ దగ్గర స్థిరపడ్డారు. మూత్రపిండాల జబ్బు వస్తే మాత్రం డయాలిసిస్ కోసం 500 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి ఆలిస్ స్ప్రింగ్స్‌లోనే ఉండిపోవలసి వచ్చేది. అయినవాళ్ళకు దూరంగా అక్కడే కన్నుమూసినవారెందరో! కింటోర్, కివిర్‌కుర చిత్రకారులు కలిసి పెద్ద పెద్ద చిత్రాలు వేసి ఇచ్చారు. 2000 సంవత్సరంలో సిడ్నీలో జరిగిన వేలంలో పది లక్షల డాలర్లకు పైగా వచ్చింది. ఆ సొమ్ముతో మొదలైన ప్రయత్నం వల్ల 2004లో కింటోర్‌లోనే డయాలిసిస్ ప్రారంభమైంది. పర్పుల్ హౌస్ అనే పేరుతో అది తరువాత మరెన్నో మారుమూల ఊళ్ళకు వ్యాపించింది.

ఇది చదివినప్పటినుంచి మన ఉత్సవాల్లో చీరల దుకాణం చూసినప్పుడల్లా నాకు శ్రీకాళహస్తి గుర్తుకొస్తుంది. కలంకారీ పేరుతో మనం కొనేవాటిలో మరలో అచ్చువేసినవే ఎక్కువ. నేనూ ఒకటి కొని మోసపోయాను. అసలుదైతే గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టాలి, ఇనుపముక్కలూ బెల్లమూ ఊరబెట్టిన నల్లరంగుతో వెదురు కలం పట్టి గీయాలి, పారే నీటిలో మళ్ళీ మళ్ళీ ఉతకాలి. ఆ గీసే చేతికీ ఉతికే చేతికీ కూలి ఆ ఊళ్ళోనే పుడుతుంది.