గడ్డలో గడ్డ
నిజామాబాద్‌లో మా దోస్తు కుక్కకు మెడ కింద కంతి లేచింది. దవాఖాన చీటీలో ‘థైరాయిడ్ గ్రంధిలో గడ్డ’ అని ఉంది. “గ్రంథి అంటేనే గడ్డ గదనే, గడ్డల గడ్డేంది?” అన్నాడు వాడు. ముందు అక్షరం దిద్దుదాం: ధ కాదు, థ. సంస్కృతంలో గ్రంథి అంటే ముడి. తాటాకులు తాడుతో కట్టి ముడేస్తే గ్రంథం. చెరకు కణుపూ గ్రంథే. 2015లో మూతపడేదాకా బోధన్ నిజాం షుగర్స్‌లో నలిగినవి ఎన్ని గ్రంథులో! సుశ్రుతుడి వైద్యంలో గ్రంథి ఒక వాపు రోగం, కాబట్టి పాతర్థంలో మావాడి మాట ఒప్పే. ‘గ్లాండ్’కు సాటిమాటగా కుదురుకున్నాక రోగం పేరు అవయవానికి దక్కింది. ఆ ఇంగ్లిష్ మాటకూ లాటిన్ మూలంలో అర్థం ఓక్ చెట్టు కాయే. మరి గడ్డ పుట్టుక తేల్చేదెవరు? ప్రోటీన్లు. ముక్క తీసి రంగు పట్టించినప్పుడు థైరోగ్లోబ్యులిన్ కనబడితే థైరాయిడ్ హార్మోన్ తయారుచేసే కణాలది. కాల్సిటోనిన్ కనబడితే అదే గ్రంథిలోని సి-కణాలది. ముడి ఎవరు వేశారో తెలిస్తేనే కదా, విప్పే దారి దొరికేది!