నల్లగొండ కౌమారుల మోకాళ్ళు: ఒక అస్థివైకల్య నిర్ధారణ చరిత్ర

తెలుగు ప్రాంతాల ఫ్లోరోసిస్ చరిత్రను సాధారణంగా ఒకే వ్యాధి చరిత్రగా చెప్పుకుంటాం. 1937లో షార్ట్, పండిత్, రాఘవాచారి నెల్లూరు జిల్లాలో దీనిని వివరించారు. 1955లో సిద్దీఖీ నల్లగొండ రోగులను గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. ఈ వర్ణనలలో ప్రధానంగా కనిపించే రోగి వయోజనుడు. ఏళ్ళ తరబడి ఫ్లోరైడ్ నీరు తాగి వెన్ను బిగిసిపోయినవాడు. ఎక్స్‌రేలో అతని ఎముక అతిగా గట్టిపడి కనిపిస్తుంది.

1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో చూపిన రోగి వేరు. అతడు కౌమారుడు. నిలబడితే మోకాళ్ళు ఒరుసుకుంటాయి, పాదాలు ఎడమవుతాయి. వైద్యులు దీనిని జెను వాల్గమ్ అంటారు. వెన్నెముక గట్టిపడుతున్న దేహంలోనే కాళ్ళ ఎముకలు గుల్లబారాయి. ఒకే నీటికి రెండు విరుద్ధ ఫలితాలెట్లా కలిగాయన్నదే అసలు సమస్య.

ఎదిగే వయసు ఎముకను నిర్ధారించడం ఎప్పుడూ సులభం కాదు. కౌమారంలో తుంటి వద్ద ఎముక ఎదుగుదల ఫలకం జారినప్పుడు నొప్పి తరచు మోకాలిలో తెలుస్తుంది. మోకాలినే పరీక్షించి ఊరుకుంటే వ్యాధి దొరకదు. అక్కడ వైద్యుని చూపు మోకాలి నుండి తుంటికి పోవాలి. నల్లగొండ బాలుని విషయంలో అది దేహాన్ని దాటి బావికి, పొలానికి, గట్క వండిన కుండకు పోవలసి వచ్చింది.

ఆ కుండలోనిది జొన్న. 1977లో దేవస్థలే, కృష్ణమాచారి, బెలవాడి ఈ వైకల్యమున్న ప్రాంతాల ధాన్యాన్ని, లేని ప్రాంతాల ధాన్యంతో పోల్చి మాలిబ్డినం, రాగి లోహం, జింకులను లెక్కించారు. మాలిబ్డినం అధికమైతే దేహం రాగి లోహాన్ని ఎక్కువగా విసర్జిస్తుందని, అందువల్ల ఎముక బలహీనపడుతుందని వారి ఊహ. నాగార్జునసాగర్ జలాశయం, కాలువల ఊటతో భూగర్భజలం పైకి వచ్చి నేల క్షారగుణం పెరగడమే మాలిబ్డినం పైరులోకి ఎక్కడానికి కారణమన్న వాదమూ వచ్చింది. (సిద్దీఖీ వ్యాసం వెలువడిన 1955లోనే ఆ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది, కాలువలకు నీరు వదిలింది 1967లో.) తరువాతి పరిశోధకులు ఆహారంలోని కాల్షియం లోపానికి ఎక్కువ ప్రాధాన్యమిచ్చారు. ఆనకట్ట వాదాన్ని నిరూపిత సత్యంగా స్వీకరించలేం. కాని పోషణను విస్మరించి నీటితోనే ఈ వైకల్యాన్ని వివరించడం కూడా సాధ్యం కాదని నా అభిప్రాయం.

పటిక, సున్నాలతో నీటిలోని ఫ్లోరైడును తగ్గించే ‘నల్లగొండ పద్ధతి’ ఆ జిల్లా పేరును ప్రపంచానికి తెలిపింది. అది నీటికి చికిత్స. ధాన్యం ప్రశ్న పోషకాహార శాస్త్రవేత్తల ఆంగ్ల వ్యాసాలకే పరిమితమైంది. 1973 నాటి ఆ కౌమారులు నేడు అరవై దాటినవారు. ఏ బావి నీరు తాగారో, ఏమి తిన్నారో, కాళ్ళు వంకరపోవడాన్ని ఇంట్లో మొదట ఏ మాటతో చెప్పుకున్నారో వారి నోటనే విని నమోదు చేయవలసి ఉంది. వరంగల్, నల్లగొండ కళాశాలల తెలుగు శాఖలు ఇప్పుడే చేపట్టదగిన క్షేత్రకార్యమిది.