టామీ కూపర్ మరణ ప్రసారం

టామీ కూపర్ మరణ ప్రసారం అనగా 1984 ఏప్రిల్ 15వ తేదీన బ్రిటిష్ హాస్య ఐంద్రజాలికుడు టామీ కూపర్ ప్రదర్శన ఇస్తూ గుండెపోటుతో వేదికపై కుప్పకూలిన దృశ్యం టెలివిజన్‌లో ప్రత్యక్షంగా ప్రసారమైన సంఘటన. ఇది లండన్ నగరంలోని హర్ మెజెస్టీస్ థియేటర్‌లో జరిగినది (2023 నుండి ఈ నాటకశాల పేరు హిజ్ మెజెస్టీస్ థియేటర్). సభలోని ప్రేక్షకులు దానిని హాస్యంలో భాగమని భావించి నవ్వారు. కళాకారుల మరణ దృశ్యాలను తర్వాతి కాలంలో చూడవచ్చునా, చూపవచ్చునా అనే నైతిక చర్చలో తరచుగా ఉదహరించబడే సంఘటనలలో ఇది ఒకటి.

నేపథ్యం

టామీ కూపర్ 1921 మార్చి 19న వేల్స్ దేశంలోని కెయిర్‌ఫిలీ పట్టణంలో జన్మించాడు. చిన్నతనంలో బంధువు ఇచ్చిన ఇంద్రజాల సామగ్రి పెట్టెతో ఈ విద్యపై ఆసక్తి కలిగినది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో సైనికుడిగా ఈజిప్టులో ఉన్నప్పుడు ప్రదర్శనలు ఇచ్చేవాడు. అక్కడ ధరించిన ఎర్రని తుర్కీ టోపీ తరువాత ఆయనకు శాశ్వత చిహ్నమైనది.

ఆయన హాస్యానికి మూలం వైఫల్యం. భారీ విగ్రహం గల ఈ మనిషి ఒక గారడీ మొదలుపెట్టడం, అది చెడిపోవడం, ఆయన తెల్లబోయి చూడడం, జనం నవ్వడం - ఇదీ వరుస. నిజానికి ఆయన ఇంద్రజాలంలో మంచి నేర్పరి. చెడగొట్టడం కూడా అభ్యాసంతో సాధించిన విద్యయే. తడబాటు, తూలిపోవడం, పరికరాలు చేజారడం వంటివన్నీ నవ్వుకు సంకేతాలని మూడు దశాబ్దాలకు పైగా ప్రేక్షకులకు ఆయనే అలవాటు చేశాడు. ఈ విషయం గుర్తుంచుకొననిదే ఆనాటి ప్రేక్షకుల ప్రవర్తన అర్థం కాదు.

1977లో ఇటలీ రాజధాని రోము నగరంలో ఆయనకు ఒకసారి గుండెపోటు వచ్చినది. కోలుకొని మరల ప్రదర్శనలు కొనసాగించాడు.

ఆనాటి సంఘటన

ఆనాటి కార్యక్రమం లండన్ వీకెండ్ టెలివిజన్ సంస్థ నిర్మించి ఐటీవీలో ప్రత్యక్షంగా ప్రసారం చేసే వినోద ప్రదర్శన. వ్యాఖ్యాత జిమ్మీ టార్బక్. పొడవైన అంగీ ధరించి, దాని అడుగు నుండి వింత వింత వస్తువులను బయటకు తీయడం కూపర్ చేయవలసిన అంశం. ఆ వస్తువులను వెనుక నుండి అందించుటకు టార్బక్ తెర చాటున సిద్ధంగా ఉన్నాడు. సహాయకురాలు అంగీ తొడిగిన కొద్దిసేపటికి కూపర్ వెనుకనున్న తెరకు ఆనుకొని నేలకు జారిపోయాడు. జనం నవ్వారు. పిమ్మట ఆయన వెనుకకు ఒరిగిపోయాడు. అప్పటికీ నవ్వు ఆగలేదు.

ప్రమాదాన్ని గ్రహించిన దర్శకుడు అలస్డేర్ మెక్‌మిలన్ వాద్యబృందానికి సంకేతమిచ్చి, ప్రసారాన్ని ప్రకటనల విరామానికి మళ్ళించాడు. కూపర్‌ను తెర వెనుకకు లాగి బ్రతికించుటకు ప్రయత్నించారు. తెర ముందు మిగిలిన ఇరుకు స్థలంలో తర్వాతి కళాకారులు తమ అంశాలను ప్రదర్శించారు. వెస్ట్‌మినిస్టర్ ఆసుపత్రికి చేర్చగా అప్పటికే మరణించినట్లు వైద్యులు ధ్రువీకరించారు. అప్పటికి ఆయన వయస్సు 63 సంవత్సరాలు.

ఆ రాత్రి అదే వేదికపై ప్రదర్శన ఇచ్చినవారిలో ఒకడైన హాస్యనటుడు డస్టిన్ గీ 1986 జనవరిలో సౌత్‌పోర్ట్‌లో నాటక ప్రదర్శన మధ్యలో గుండెపోటుకు గురై రెండు దినముల తర్వాత మరణించాడు.

దృశ్యం తర్వాతి ప్రచారం

1984లో ఆ దృశ్యం చూసినవారికి దానిని మరల చూసే అవకాశం సాధారణంగా లేదు. ఇంటింటా వీడియో యంత్రాలు అప్పుడప్పుడే వ్యాపిస్తున్న రోజులవి. 2009లో ఈ దృశ్యం యూట్యూబ్‌లో చేర్చబడినప్పుడు బ్రిటన్‌లో విమర్శలు వెలువడ్డాయి. ఒక్కసారి ప్రమాదవశాత్తు ప్రసారమైనది, ఎన్నిసార్లైనా కోరి చూడదగిన వస్తువుగా మారడమే ఆ విమర్శలకు కారణం.

మూడు రకాల ప్రేక్షకులు

ఈ సంఘటనలో మూడు రకాల ప్రేక్షకులను వేరువేరుగా పరిశీలించవలసి ఉన్నది.

మొదటివారు సభలో ఉన్నవారు. రెండవవారు ఇంటివద్ద ప్రత్యక్ష ప్రసారం చూసినవారు. వీరిరువురికీ జరుగుతున్నది మరణమని తెలియదు. చీకటిలో త్రాడును చూసి పామని భ్రమించుట వేదాంతులు చెప్పే ప్రసిద్ధ దృష్టాంతం. ఇచ్చట అందుకు విపర్యయంగా పామును చూసి త్రాడని భ్రమించారు. అజ్ఞానం వలన కలిగిన నవ్వులో క్రూరత్వం లేదు. అది ఆ కళాకారుడే నేర్పిన నవ్వు.

మూడవవారు తర్వాతి కాలంలో దృశ్యాన్ని వెదకి చూసేవారు. వీరికి జరిగినదేమో ముందుగానే తెలుసు. చూడకుండా ఉండే స్వేచ్ఛ కూడా కలదు. కనుక నైతిక ప్రశ్న ప్రధానంగా ఈ మూడవ వర్గానికే వర్తిస్తుంది.

చూడవచ్చుననే వాదాలు

ఇది బహిరంగ వేదికపై జరిగి, ఒకసారి ప్రసారమైన చారిత్రక సంఘటన కనుక దాచవలసినది లేదని కొందరి వాదన. కళాకారుడు తాను ప్రేమించిన వేదికపైననే కన్నుమూశాడు, కావున దానిని చూడడం నివాళియేనని మరికొందరి అభిప్రాయం. మరణాన్ని కంటికి కనబడనీయకుండా దాచే సమాజం దానిని అర్థం చేసుకొనలేదనే వాదం కూడా ఉన్నది.

వీటికన్న బలమైనది సాక్ష్య వాదం. నిర్వాహకుల నిర్లక్ష్యం ఉన్నచోట దృశ్యం వలన నిజం బయటపడవచ్చును. తెలుగుతో సహా అనేక భాషలలో పాటలు పాడిన నేపథ్య గాయకుడు కేకే 2022 మే 31న కోల్‌కతాలోని నజ్రుల్ మంచ్‌లో కచేరీ ముగించిన కొద్దిసేపటికి మరణించినప్పుడు, వేదికపై ఆయన చెమట తుడుచుకుంటున్న దృశ్యాల ఆధారంగానే సభలోని రద్దీని, ఉక్కపోతను గురించి ప్రశ్నలు తలెత్తాయి.

చూడరాదనే వాదాలు

కూపర్ వేదికనెక్కినది గారడీ చూపుటకు. తన ప్రదర్శనను చూచుటకు ఆయన సమ్మతి ఉన్నది గాని, తన మరణాన్ని చూచుటకు కాదు. టికెట్టు ఇచ్చిన హక్కు అంతవరకే. ఇక ఆ సమ్మతిని ఆయన నుండి పొందే అవకాశమూ లేదు.

రెండవది కుటుంబ సభ్యుల బాధ. ఆప్తుని కడసారి క్షణాలు నవ్వుల మధ్య పదేపదే ప్రదర్శింపబడడం వారికి మానని గాయం. మూడవది లాభం. వీక్షణల సంఖ్యను బట్టి ప్రకటనల ఆదాయం లభించే చోట మరణం సరుకుగా మారుతుంది.

నివాళి వాదానికి సమాధానంగా, ఆయన సజీవంగా నవ్వించిన రికార్డింగులు అనేకం ఉన్నాయనీ, నివాళికి అవియే తగినవనీ చెప్పవచ్చును. సాక్ష్య వాదం సబబైనదే అయినను, కూపర్ విషయంలో వెలికి తీయవలసిన నేరమేదీ లేదు.

అమెరికన్ రచయిత్రి సూసాన్ సోంటాగ్ 2003లో ప్రచురించిన గ్రంథంలో, తీవ్రమైన బాధను చూపే చిత్రాలను చూసే హక్కు బహుశా ఆ బాధను తగ్గించగలవారికి, లేదా దాని నుండి నేర్చుకొనగలవారికి మాత్రమే ఉండవచ్చునని సూచించినది. మిగిలినవారు కోరినా కోరకున్నా కేవలం తొంగిచూసేవారే అవుతారని ఆమె అభిప్రాయం. గ్రీకు తత్త్వవేత్త ప్లేటో కూడా తన 'రిపబ్లిక్'లో శవాలను చూడాలనే కోరికకు, సిగ్గుకు మధ్య నలిగి, చివరకు తన కన్నులనే నిందించిన లియోంటియస్ అనే వ్యక్తిని పేర్కొన్నాడు. ఈ కుతూహలం ఇంటర్నెట్టుతో పుట్టినది కాదని దీనివలన తెలుస్తుంది.

భారతీయ నాట్యశాస్త్ర దృష్టి

వధ, మరణం మొదలైనవాటిని రంగస్థలంపై ప్రత్యక్షంగా చూపరాదని సంస్కృత నాట్య సంప్రదాయం నియమించినది. ధనంజయుని దశరూపకంలో ఇట్టి నిషేధాల పట్టిక కలదు. అయితే భాసుని పేరిట లభించిన 'ఊరుభంగం' నాటకంలో దుర్యోధనుడు వేదికపైననే మరణిస్తాడు. కనుక ఈ నియమానికి మినహాయింపులున్నాయి.

అంతకంటె ముఖ్యమైనది రస సిద్ధాంతం. లోకంలోని శోకం వేరు, నాటకంలోని కరుణరసం వేరు. ఇది అభినయమనే ఎరుక ఉన్నప్పుడే ప్రేక్షకునికి రసానుభవం కలుగుతుంది. నిజమైన మరణం ఎదుట నిలిచినవాడు సహృదయుడు కాడు, సాక్షి మాత్రమే. సాక్షికి ఆస్వాదన తగదు. ఒక కర్తవ్యం ఉంటుంది.

పోల్చదగిన ఇతర సంఘటనలు

* కార్ల్ వాలెండా: తీగపై నడిచే కళాకారుడు. 1978 మార్చి 22న ప్యూర్టోరికోలోని సాన్ హువాన్‌లో 73 ఏళ్ళ వయస్సులో పడి మరణించాడు. ఆ దృశ్యం టెలివిజన్ కెమెరాలలో నమోదైనది.
* ఓవెన్ హార్ట్: కుస్తీ ప్రదర్శకుడు. 1999 మే 23న అమెరికాలోని కాన్సస్ సిటీలో, పైకప్పు నుండి దిగుతుండగా పడి మరణించాడు. పతనాన్ని ఇంటివద్ద ప్రేక్షకులకు చూపలేదు. కెమెరాలను జనం వైపు త్రిప్పారు. అయితే ఆ రాత్రి ప్రదర్శనను ఆపకపోవడం తీవ్ర విమర్శకు గురైనది.
* కళామండలం గీతానందన్: ఓట్టన్ తుళ్ళల్ కళాకారుడు. 2018 జనవరి 28న కేరళలోని త్రిశ్శూర్ జిల్లాలో ఆలయ ప్రదర్శన మధ్యలో కుప్పకూలి మరణించాడు. దృశ్యం విస్తృతంగా ప్రచారమైనది.

న్యాయపరమైన స్థితి

భారత రాజ్యాంగంలోని 21వ అధికరణం కల్పించే గౌరవ హక్కు మృతదేహానికి కూడా వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1995లో పేర్కొన్నది. అయితే గోప్యత హక్కు వ్యక్తితోనే అంతరిస్తుందనీ, వారసులకు సంక్రమించదనీ ఢిల్లీ హైకోర్టు 2023లో ఒక దివంగత నటునికి సంబంధించిన వ్యాజ్యంలో అభిప్రాయపడినది. అందువలన ఇట్టి దృశ్యాల విషయంలో చట్టం ఇచ్చే రక్షణ పరిమితం. చాలావరకు ఇది చూపేవారి, చూసేవారి వివేకానికి వదలబడినది.

గ్రహింపదగిన పాఠం

ఈ సంఘటన నుండి నేర్చుకొనవలసినది దృశ్యాన్ని చూడకుండానే నేర్చుకొనవచ్చును. వేదికపై ఎవరైనా హఠాత్తుగా కూలినప్పుడు, అది నటనేమో అని సందేహం కలిగినను దగ్గరకు వెళ్ళి పలుకరించాలి. పలుకక, ఊపిరి సక్రమంగా లేనిచో వెంటనే అంబులెన్సును పిలిపించాలి. తెలుగునాట 108 సేవ 2005లో ప్రారంభమైనది. అంబులెన్సు వచ్చేవరకు పెద్దవారికైతే ఛాతీ మధ్యభాగాన్ని నిమిషానికి 100 నుండి 120 సార్లు, 5 నుండి 6 సెంటీమీటర్ల లోతు దిగునట్లు నొక్కుతూ ఉండాలి. గుండె ఆగినవారు గురక వంటి శబ్దం చేయవచ్చును. దానిని శ్వాసగా భ్రమించరాదు.

ప్రదర్శన నిలిపివేయుటకు కళాకారులు, నిర్వాహకులు ఒక సంకేతాన్ని ముందుగానే నిర్ణయించుకొనడం మంచిది. ముఖ్యంగా పడిపోవడం, మూర్ఛపోవడం అభినయించే నాటకాలలోను, హాస్య ప్రదర్శనలలోను ఇది అవసరం. అట్టి చోట్లనే నిజమైన ఆపద నవ్వులలో, చప్పట్లలో కలిసిపోయే అవకాశం ఎక్కువ.