బంకమట్టిలో నడచిన నీరు

జిగట రేగడి నీటిని ఎంత గట్టిగా పట్టియుంచునో జగిత్యాల, కోరుట్ల ప్రాంతముల రైతులకు చెప్పనక్కరలేదు. రేణువుల నడుమ సందులు అతి సన్ననివి. వాటిలోని నీరు ఒక పట్టాన కదలదు. అట్టి నీటిని విద్యుచ్ఛక్తితో నడిపింపవచ్చునని మొదట చూపినవాడు మాస్కో విశ్వవిద్యాలయములో ఆచార్యుడైన ర్యూస్.

1809లో ప్రకటితమైన ఆ ప్రయోగమునకు గొప్ప పరికరములేవియు అవసరము లేకపోయెను. ఆయన తడి బంకమట్టి ముద్దలో రెండు గాజు గొట్టములను గుచ్చి, నీరు పోసి, వోల్టా ఘటమాల తీగెలను వాటిలో ముంచెను. ఋణధ్రువమున్న గొట్టములో నీటిమట్టము పెరిగెను. ధనధ్రువమున్న గొట్టములో నీరు తగ్గి, మట్టి రేణువులు చేరి మసకబారెను. నీరు ఒక దిక్కునకు, మన్ను మరియొక దిక్కునకు! మొదటిదానినే విద్యుదభిసరణమందురు.

కారణము తేలుటకు డెబ్బది ఏండ్లు పట్టెను. 1879లో హెల్మ్‌హోల్ట్జ్ సిద్ధాంతమును కూర్చెను. 1903లో స్మొలుఖోవ్‌స్కీ దానిని విస్తరించెను. నీరు తాకినపుడు మట్టికిగాని గాజుకుగాని ఉపరితలమున ఋణావేశము కలుగును. దానిని ఆనుకొని నీటిలో ధన అయానులు గుమికూడును. విద్యుత్ క్షేత్రములో ఇవి ఋణధ్రువము వైపు సాగుచు, చుట్టునున్న నీటిని వెంట ఈడ్చుకొనిపోవును. లాగెడి బలము గోడ ప్రక్కనే పుట్టుచున్నదన్నమాట. కనుక నాళము బాగుగా సన్నగిల్లినను వేగము తగ్గదు. ఒత్తిడితో నెట్టిన నీటి సంగతి వేరు. నాళపు వ్యాసము సగమైనచో, అదే ఒత్తిడికి ప్రవాహము పదునారవ వంతుకు పడిపోవును. విద్యుత్ క్షేత్రముతో నడిపినచో నాలుగవ వంతు మిగులును. ఈ లెక్కను తరగతిలో విద్యార్థులచేత చేయించవచ్చును.

1930 తరువాతి దశకములో లియో కాసాగ్రాండే జర్మనీలో తడి నేలలను గట్టిపరచుటకు ఈ ఉపాయమునే వాడెను. 1990 తరువాత, చిన్న గాజు పలకలపై చెక్కిన వెంట్రుకవంటి కాలువలలో, కదిలెడి భాగములేవియు లేకయే ద్రవములను నడిపింపసాగిరి.

దీనికి తిరుగుడు కూడ కలదు. సన్నని సందులగుండ నీటిని నెట్టినచో విద్యుత్తు పుట్టునని క్విన్కే 1859లో కనుగొనెను. సిరిసిల్ల నేతగాండ్రకు తెలిసిన నూలు బట్టలో అట్టి సందులు కోకొల్లలు. బట్ట ఆరుచుండగా నీరు వాటిగుండ తనంతట తానే ప్రాకును. 2019లో ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.లో సుమన్ చక్రవర్తి బృందము దీనినే పరీక్షించెను. ఒక పల్లెలో చాకలివారు ఆరవేసిన సుమారు 50 బట్టలనుండి, దాదాపు 24 గంటలలో, ఒక విద్యుత్ సంచాయకము 10 వోల్టుల వరకు నిండెను. పది వోల్టులనగానే బావి పంపు తిరుగుననుకొనరాదు, శక్తి అత్యల్పము. దానితో ఒక తెల్లని చిన్న దీపము గంటకు పైగా వెలిగెను.