బ్రిటిష్ థ్రిల్లర్‌కు మాటలొచ్చిన కథ

ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ తీసిన ‘బ్లాక్‌మెయిల్’ (1929) బ్రిటన్ తొలి టాకీల్లో ఒకటని విని ఇవాళ చూడ్డానికి కూర్చున్నవాళ్లు మొదట కాసేపు అయోమయంలో పడతారు. పోలీసు వ్యాను చక్రం గిర్రున తిరుగుతుంది. స్కాట్లాండ్ యార్డ్ వాళ్లు ఒక గదిలోకి జొరబడతారు. మంచం మీద పేపరు చదువుకుంటున్నవాడు అద్దంలో వాళ్లని చూసి పక్కనున్న తుపాకీ మీదికి చెయ్యి పోనిస్తాడు. అరెస్టు, విచారణ, వేలిముద్రలు అన్నీ అయిపోతాయి. అందరి పెదవులూ కదులుతుంటాయి గాని సంగీతం తప్ప ఒక్క మాటా వినపడదు. పని ముగించుకున్న డిటెక్టివ్‌లు చేతులు కడుక్కుంటూ కబుర్లలో పడ్డాక గాని సినిమాకి నోరు పెగలదు.

కారణం చాలా మామూలుది. ఈ సినిమా మూకీగా మొదలైంది. 1928 సెప్టెంబరులో అమెరికన్ చిత్రం ‘జాజ్ సింగర్’ లండన్‌కు వచ్చింది. అక్కడినుంచి స్టూడియోలన్నిటికీ టాకీల గుబులు పట్టుకుంది. ఎల్‌స్ట్రీలోని బ్రిటిష్ ఇంటర్నేషనల్ పిక్చర్స్ అమెరికా నుంచి శబ్ద యంత్రాలు తెప్పించి, చివరి రీలుకు మాత్రం మాటలు పెడితే చాలనుకుందట. ఇలాంటిదేదో వస్తుందని ముందే పసిగట్టి, మాటలు అతికించుకోడానికి వీలుగానే మూకీని తీసుకుంటూ వచ్చానని హిచ్‌కాక్ తర్వాతెప్పుడో చెప్పుకున్నాడు. చాలా సన్నివేశాలు మళ్లీ తీశారు. అక్కర్లేదనుకున్నవి అలాగే ఉంచి సంగీతం అద్దారు. మూకీ ప్రతిని కూడా విడిగా విడుదల చేశారు, ఎందుకంటే అప్పటికి బ్రిటన్‌లో చాలా హాళ్లలో స్పీకర్లే లేవు.

హీరోయిన్ ఆనీ ఓండ్రా ప్రాగ్‌లో పెరిగిన నటి. మూకీలో చిక్కేమీ లేదు. చెల్సీలో పేపర్లు, సిగరెట్లు అమ్మే కొట్టువాడి కూతురు చెక్ యాసలో ఇంగ్లిష్ మాట్లాడితే మాత్రం ఎవరు ఒప్పుకుంటారు? ఇవాళైతే డబ్బింగ్ చెప్పిస్తారు. ‘ఏ మాయ చేసావె’లో సమంతకు చిన్మయి గొంతిచ్చినట్టు మనకది నిత్యకృత్యం. 1929లో ఆ సౌకర్యం లేదు. బొమ్మ తీస్తున్నప్పుడే శబ్దమూ పట్టాలి. అందుకని జోన్ బారీ అనే ఇంగ్లిష్ నటిని ఫ్రేముకు అవతల మైకు ముందు నిలబెట్టారు. ఆవిడ డైలాగులు చెబుతుంటే ఈవిడ పెదవులు కలిపింది. జాగ్రత్తగా చూస్తే ఓండ్రా ఒక్కోచోట లిప్తపాటు వెనకబడడం కనిపిస్తుంది. అలా వెనకబడ్డప్పుడల్లా ఆ పాత్ర ఏదో భయంతో మాట్లాడుతున్నట్టు అనిపించడం అనుకోకుండా కలిసొచ్చింది. టైటిల్స్‌లో బారీ పేరు లేదు. తర్వాత ‘రిచ్ అండ్ స్ట్రేంజ్’ (1931)లో హిచ్‌కాక్ ఆమెనే హీరోయిన్‌గా తీసుకున్నాడు.

ఆ రోజుల యంత్రాల ఇబ్బందులు తెలిస్తే తొలి టాకీల నత్తనడకకు సగం క్షమాపణ దొరికినట్టే. కెమెరా రొద మైకులో పడకుండా దాన్ని, కెమెరామన్‌ని కలిపి గాలాడని గదిలో పెట్టి తలుపేసేవారు. మూకీల్లో పరుగులు తీసిన కెమెరా ఒక్కసారిగా గోడకు అతుక్కుపోయింది. మైకు పూలకుండీలోనో టెలిఫోను పక్కనో దాక్కుంటుంది కాబట్టి నటులూ దాన్ని వదిలి కదలరు. లండన్ నాటకశాలల నుంచి వచ్చినవాళ్లు కావడంతో బాల్కనీ చివరి వరసకు వినిపించాలన్నట్టు అక్షరం అక్షరం నొక్కి పలుకుతారు. పెద్ద దర్శకుల సినిమాల్లో సైతం ఇది విసుగు పుట్టిస్తుంది, దాచడమెందుకు.

ఆ విసుగుని భరించినందుకు దక్కే ఫలం ‘బ్లాక్‌మెయిల్’ టిఫిను బల్ల సన్నివేశం. ముందురోజు రాత్రి తనమీద అత్యాచారానికి తెగబడిన చిత్రకారుణ్ణి హీరోయిన్ ఆలిస్ బ్రెడ్డు కోసే కత్తితో పొడిచి చంపింది. రాత్రంతా వీధుల్లో తిరిగి, తెల్లారేసరికి ఏమీ ఎరగనట్టు ఇంట్లో పడుకుంది. పంజరంలో పిట్ట అదేపనిగా కూస్తుంటుంది. కొట్టు తలుపు గంట మోగితే ఆ మోత ఆమె చెవుల్లో ఎంతకీ తగ్గదు. అమ్మానాన్నలతో బల్ల దగ్గర కూర్చున్నాక, గుమ్మానికి ఆనుకున్న పక్కింటావిడ హత్య గురించి ఊదరగొడుతుంది. కెమెరా ఆలిస్ మొహం మీదే ఉంటుంది. పక్కింటావిడ మాటలు క్రమంగా అస్పష్టమైన గొణుగుడుగా మారిపోతాయి, ‘నైఫ్’ అన్న మాట తప్ప. అది మాత్రం ప్రతిసారీ ఖణేలున వినిపిస్తుంది. కాస్త బ్రెడ్డు కొయ్యమ్మా అని తండ్రి అడుగుతాడు. ఆమె చెయ్యి కత్తి మీదికి వెళ్తుంది. ఆ మాట మరోసారి కేకలా పడేసరికి కత్తి చేతిలోంచి ఎగిరిపోతుంది.

మూకీ ప్రతిలో ఇది సాధ్యం కాదు. తక్కిన చాలా చోట్ల మూకీయే మెరుగని చెప్పేవాళ్లున్నారు, నేనూ ఆ పక్షమే. బ్రిటిష్ మ్యూజియం గుమ్మటం మీది ఛేజింగ్ రెంటిలోనూ ఒకటే. మ్యూజియం లోపల వెలుతురు చాలక, అక్కడ తీసిన ఫొటోలను వెనకనుంచి దీపాలు పెట్టి వెలిగించి, పూత కొంత గీకేసిన అద్దం సాయంతో నటుల్ని ఆ ఫొటోల్లో నిలబెట్టారు. 2012లో బాగుచేసిన మూకీ ప్రతిని అదే మ్యూజియం ఆవరణలో ప్రదర్శించారు.

మరుసటి ఏడాది ‘మర్డర్!’లో హిచ్‌కాక్ ఇంకో అడుగు వేశాడు. హెర్బర్ట్ మార్షల్ అద్దం ముందు గడ్డం గీసుకుంటూ ఉంటాడు. పెదవులు కదలవు, ఆలోచన మాత్రం మనకు వినిపిస్తుంది, రేడియోలో వాగ్నర్ సంగీతం వస్తుంటుంది. రెండు శబ్దాల్ని తర్వాత కలిపే మిక్సింగ్ లేదు కాబట్టి, మార్షల్ గొంతు ముందే రికార్డు చేసి సెట్టులో వినిపించారు. గోడ వెనక 30 మంది వాద్యబృందం నిజంగానే వాయించింది. అదే కథను అదే సెట్టులో వేరే నటులతో జర్మన్‌లోనూ తీశారు. కథలో జాతి గురించిన మాటలు మాత్రం ఇవాళ చెవికి గుచ్చుకుంటాయి.

ఇక ఇలాంటి సినిమాల సంఖ్య సంగతి. 1920ల మధ్యలో బ్రిటన్ తెరల మీద స్వదేశీ సినిమాలు నూటికి ఐదు కూడా కష్టమే. అందుకే 1927లో పార్లమెంటు చట్టం చేసింది: పంపిణీదారులు, హాళ్లవాళ్లు ఇంత వాటా బ్రిటిష్ సినిమా తీసుకోవాల్సిందే. అమెరికన్ కంపెనీలు ఆ లెక్క పూర్తి చేయడానికి ఫిల్ము అడుగుకు ఒక పౌను చొప్పున గుత్తకిచ్చి చుట్టించాయి. ‘కోటా క్వికీ’లని వాటికి పేరు. ఈ చవకబేరానికి థ్రిల్లర్‌ను మించింది లేదు. ఒక పాతబంగళా, పొగమంచు, శవం ఉంటే సరిపోయె. కథలకూ కొదవ లేదు. ఎడ్గార్ వాలెస్ నవలలు కుప్పలుగా ఉన్నాయి. ఆయన బ్రిటిష్ లయన్ కంపెనీకి ఛైర్మన్ అయి ‘ది స్క్వీకర్’ (1930)కు తానే దర్శకత్వం కూడా వహించాడు. తర్వాత ‘రెడ్ షూస్’తో పేరు తెచ్చుకున్న మైకేల్ పావెల్ పని నేర్చుకుంది కూడా క్వికీల్లోనే. మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932) పురాణాన్ని, పద్యాన్ని నమ్ముకుంటే, బ్రిటన్ టాకీ డిటెక్టివ్ నవలను నమ్ముకుంది. జనానికి ముందే నోటికొచ్చిన కథల మీదే ఇద్దరూ పెట్టుబడి పెట్టారు.

ఆనాటి బ్రిటిష్ థ్రిల్లర్లలో చాలా పోయాయి. నైట్రేట్ ఫిల్ము ఇట్టే అంటుకుంటుంది, కుళ్లిపోతుంది. పావెల్ క్వికీల్లో సగందాకా దొరకడం లేదు. బోరిస్ కార్లాఫ్ నటించిన ‘ది ఘూల్’ (1933) పోయిందనే అనుకున్నారు. చివరికి చెకోస్లొవేకియాలో చెక్ సబ్‌టైటిళ్లతో నలిగిన ప్రతి ఒకటి బయటపడింది. తర్వాతెప్పుడో బ్రిటన్‌లోనే మంచి ప్రతి దొరికింది.

చూద్దామనుకునేవారికి ఒక మాట. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే అరిగిపోయిన ప్రతులతో ఈ సినిమాల్ని తూచకండి. తొలి టాకీల్లో శబ్దపు గీతకు చోటిచ్చి బొమ్మను దాదాపు చతురస్రంగా మిగిల్చారు. టీవీ కొలతకు సాగదీసిన ప్రతుల్లో తలలు తెగిపోతాయి, బుసబుసలో మాటలు మునిగిపోతాయి. పునరుద్ధరించిన ప్రతి, సబ్‌టైటిళ్లు, మంచి హెడ్‌ఫోన్లు ఉండాలి. ముందు ‘బ్లాక్‌మెయిల్’ మూకీ చూసి, అదే వారంలో టాకీ చూడండి. ఆ తర్వాత ‘ది 39 స్టెప్స్’ (1935)కి వెళ్లండి. శవాన్ని చూసిన ఆడమనిషి నోరు తెరుస్తుంది, కేకకు బదులు రైలు కూత వినిపిస్తుంది. రెంటికీ మధ్య గడిచింది ఆరేళ్లే.