న్యూయార్క్ పాఠం, శాన్ డియేగో పరీక్ష

ఒక స్కూల్ బాగుపడటం వేరు, పదులకొద్దీ స్కూళ్లు కలిసి బాగుపడటం వేరు. రెండోది సాధ్యమేనని చెప్పడానికి అమెరికాలో చాలాకాలం చూపించిన ఉదాహరణ న్యూయార్క్‌లోని కమ్యూనిటీ స్కూల్ డిస్ట్రిక్ట్ 2. డిస్ట్రిక్ట్ అన్నాను కదా అని మన జిల్లా అనుకోకండి. అప్పట్లో ఆ ఒక్క నగరంలోనే ఇలాంటివి 32 ఉండేవి. ఒక్కోదానికీ ఒక సూపరింటెండెంట్.

1987లో ఆంథొనీ ఆల్వరాడో అక్కడ సూపరింటెండెంట్ అయ్యాడు. అతను చేసిన పనులు వింటే, ఓస్ ఇంతేనా అనిపిస్తుంది. నెలనెలా ప్రిన్సిపాళ్లని కూర్చోబెట్టి, ఆఫీసు వ్యవహారాలకంటే తరగతిలో పాఠం ఎలా నడుస్తోందన్నదాని మీద ఎక్కువ మాట్లాడించేవాడు. ఒక స్కూల్ వాళ్లు ఇంకో స్కూల్‌కి వెళ్లి, క్లాసులో కూర్చుని చూసొచ్చే ఏర్పాటు చేశాడు. టీచర్ల శిక్షణకి బడ్జెట్‌లో సుమారు 3 శాతం పెట్టాడు. అలాగని అంతా మెత్తగా నడిపాడని కాదు. మొదటి కొన్నేళ్లలోనే చాలామంది ప్రిన్సిపాళ్లు మారిపోయారు. పిల్లల చదివే సామర్థ్యంలో 32 డిస్ట్రిక్టుల్లో పదో స్థానంలో ఉన్నది రెండో స్థానానికి చేరింది. హార్వర్డ్ ప్రొఫెసర్ రిచర్డ్ ఎల్మోర్ దాని గురించి రాశాక మిగతా ఊళ్ల సూపరింటెండెంట్లకి అదొక నమూనా అయిపోయింది.

1998లో ఆ నమూనాని ఏకంగా దాని కర్తతో సహా శాన్ డియేగో తెచ్చుకుంది. కొత్త సూపరింటెండెంట్ అలన్ బెర్సిన్ అంతకుముందు ప్రభుత్వ న్యాయవాది. బోధన వ్యవహారాలన్నీ ఆల్వరాడోకి అప్పజెప్పాడు. అయితే ఇది లక్షకు పైగా పిల్లలున్న డిస్ట్రిక్ట్, డిస్ట్రిక్ట్ 2కి ఎన్నో రెట్లు. న్యూయార్క్‌లో పదకొండేళ్లు పట్టిన పనిని ఇక్కడ రెండు మూడేళ్లలో చేయాలనుకున్నారు. 1999లో 15 మంది స్కూల్ అధికారుల్ని ఒక్కసారిగా పదవుల్లోంచి దించేశారు. 2000లో సంస్కరణల ప్రణాళిక బోర్డులో 3-2 ఓట్లతో గట్టెక్కింది. టీచర్ల యూనియన్ మొదట్నుంచీ ఎదురుతిరిగింది. చిన్న తరగతుల్లో చదువు కొంత మెరుగుపడింది, హైస్కూళ్లలో పెద్దగా కదలిక లేదు. 2003కల్లా ఆల్వరాడో, 2005లో బెర్సిన్ వెళ్లిపోయారు.

అసలు డిస్ట్రిక్ట్ 2 విజయంలో పద్ధతి వాటా ఎంత? మాన్‌హాటన్‌లోని సంపన్న ప్రాంతాలు కూడా అందులోవే. అక్కడ మారుతున్న జనాభాని లెక్కలోకి తీసుకోకుండా ఘనతంతా పద్ధతికే కట్టబెట్టారని డయాన్ రావిచ్ 2010లో వచ్చిన తన పుస్తకంలో వాదించింది. ఆ వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు.

సాఫ్ట్‌వేర్ పనిలో మేం రోజూ వినే మాట ఒకటుంది: ‘నా మెషీన్‌లో పనిచేస్తోందే!’ కోడ్ ఇచ్చినంత తేలిగ్గా, అది నడిచిన పరిస్థితుల్ని ఇవ్వలేం. నాకు అర్థమైనంతవరకూ డిస్ట్రిక్ట్ 2లో ఒకరి పని ఒకరు చూసి నేర్చుకోవడమే అసలు పద్ధతి. శాన్ డియేగోలో ఆ నేర్చుకోవడం కూడా పైనుంచి ఉత్తర్వులా దిగింది. చూసొచ్చినవాడికి నచ్చితే చేస్తాడు. చెయ్యమన్నందుకు చేసేవాడు తనిఖీ రోజున చేస్తాడు.

కానీ బెర్సిన్ తొందరని నేను పూర్తిగా తప్పుపట్టలేను. మూడో తరగతికొచ్చినా చదవడం రాని పిల్లాడికి ‘పదకొండేళ్లు ఆగు నాయనా’ అని ఎవరు చెప్పగలరు?