ఈట్‌ఓక్రా

ఈట్‌ఓక్రా అమెరికా సంయుక్త రాష్ట్రాలలో నల్లజాతీయుల యాజమాన్యంలోని రెస్టారెంట్ల వివరాలను తెలిపే మొబైల్ యాప్. దీనిని 2016లో న్యూయార్కు నగరంలోని బ్రూక్లిన్‌లో జనీక్ ఎడ్వర్డ్స్, ఆంథోనీ ఎడ్వర్డ్స్ దంపతులు ప్రారంభించారు.

పేరు

ఓక్రా అనగా బెండకాయ. ఈ పదం పశ్చిమ ఆఫ్రికాలోని ఇగ్బో భాష నుండి ఆంగ్లంలోకి వచ్చింది. బానిస వ్యాపార కాలంలో ఆఫ్రికా నుండి అమెరికా చేరిన ఈ కూరగాయ అక్కడి నల్లజాతీయుల వంటలలో ముఖ్యమైనది.

నేపథ్యం

జాతి వివక్ష అమలులో ఉన్న రోజులలో తమకు ప్రవేశమున్న హోటళ్ళు, భోజనశాలలు ఎక్కడున్నవో నల్లజాతి ప్రయాణికులు 1936లో విక్టర్ హ్యూగో గ్రీన్ ప్రారంభించిన "గ్రీన్ బుక్" ద్వారా తెలుసుకొనేవారు. ఈట్‌ఓక్రా భోజనశాల యజమాని ఎవరో తెలుపుతుంది. తద్వారా ప్రకటనలకు ఖర్చు పెట్టలేని చిన్న వ్యాపారులకు ఖాతాదారులు లభిస్తారు.

ఆదరణ

2020లో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తరువాత నల్లజాతీయుల వ్యాపారాలకు తోడ్పడాలన్న పిలుపుతో దీని వాడకం బాగా పెరిగింది. 2021లో ఆపిల్ సంస్థ యాప్ స్టోర్ పురస్కారం లభించింది.